శుక్రవారం ట్రాక్టరు

మా అత్తయ్యగారు ప్రతి శుక్రవారం పొద్దున్నే రెండు చోట్ల పసుపు కుంకుమలు పెట్టేవారు. ఒకటి దేవుడి గూడు. రెండోది పెరట్లో కొబ్బరాకుల పాక కింద ఉండే మా పాత ట్రాక్టరు. మూడో చోటు నా నుదురో నా పాదాలో అయితే బాగుండునని నాకు మహా కోరికగా ఉండేది. ఆ మాట పైకి చెప్పే రకాన్ని కాదు నేను. చెప్పకుండా కోపం తెచ్చుకునే రకాన్ని. కోపం వస్తే గిన్నెలు విసురుగా పెట్టేదాన్ని. ఆ ఇంట్లో సొట్టలు పడ్డ గిన్నెలు చాలావరకు నా చలవే.

తొంభైల మధ్య మాట ఇది. అమలాపురం దాటి అల్లవరం వెళ్లే దారిలో మా అత్తవారి ఊరు. నేను రాజోలు వైపు నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాదికే మావయ్యగారు పోయారు. మా ఆయనకి పెళ్లికి ముందు నుంచే మస్కట్‌లో ఉద్యోగం. ఇంట్లో మిగిలింది అత్తయ్యగారూ, నేనూ, ఆ ట్రాక్టరూ.

మావయ్యగారు పోయాక ఆవిడ పేరంటాలకి వెళ్లడం మానేశారు. వెళ్లొద్దని ఎవరూ అనలేదు, ఆవిడే మానేశారు. శ్రావణ శుక్రవారం నా కాళ్లకి పసుపు రాయాలంటే ఎదురింటి ఆవిడకి కబురు పెట్టేవారు. "మీరే రాయండి అత్తయ్యగారండీ" అంటే, "నా చెయ్యెందుకులే అమ్మాయ్, నీకు మంచిది కాదు" అనేవారు. మరి ట్రాక్టరుకి పెడుతున్నారు కదా అని ఒకసారి అడిగేశాను. "బండికి శకునాలేముంటాయి" అన్నారు. ఆ పూట ఒక పెద్ద గిన్నెకి సొట్ట పడింది.

ఆ ట్రాక్టరు మావయ్యగారు ఎవరి దగ్గరో వాడేసినది కొన్నారు. ఎర్ర రంగు వెలిసిపోయి పాత ఇటుకలా ఉండేది. పొద్దున్నే స్టార్టు చేస్తే ముందు దగ్గేది, తర్వాత పొగ వదిలేది, ఆ తర్వాతే పనిలోకి దిగేది. మావయ్యగారు కూడా పొద్దున్న ఇంచుమించు అలాగే లేచేవారని ఆయన ఉన్నప్పుడు అత్తయ్యగారు వేళాకోళం చేసేవారు. ఆయన ఒక్క అలవాటు మాత్రం తప్పేవారు కాదు. శుక్రవారం ఆవిడ బొట్లు పెడితే, శనివారం పొద్దున్నే ఆయన తడిగుడ్డ పట్టుకుని బండి దగ్గర పావుగంట గడిపేవారు. ఏం చేస్తున్నారంటే "దాని మొహం కడుగుతున్నానే" అనేవారు.

ఆయన పోయాక ఆ కడగడం పోయింది. ఆవిడ పసుపు మాత్రం పెరిగింది. బానెట్టుకి, రెండు లైట్లకి, స్టీరింగుకి, డీజిల్ ట్యాంకు మూతకి, దమ్ము చక్రాలకి. ఊడ్పులకి ముందు నీళ్లు పెట్టిన చేను బురదగా దున్నడమే దమ్ము; దమ్ము చక్రాలంటే ఆ బురదలో దిగబడకుండా టైర్లకి బదులు వేసే ఇనప చక్రాలు. ఆ ఏడాది వానలు ముందే పట్టుకున్నాయి. పెట్టిన పసుపు పెట్టినట్టే కారిపోతోందని ఆవిడ కొబ్బరినూనె పోసి ముద్దగా కలిపి పెట్టడం మొదలుపెట్టారు. మా వైపు దేనికైనా కొబ్బరినూనే కాబట్టి, అందులో నాకు వింతేమీ కనపడలేదు.

ఆషాఢం చివర్లో మా ఆయన ఫోను చేశారు. ఊళ్లో ఎస్టీడీ బూతుకి ఇద్దరం వెళ్లాం. ఆయన చెప్పింది ఒకటే. ట్రాక్టరు ముసలిదైపోయింది, ఇంట్లో మగవాళ్లు లేరు, రిపేర్ల కోసం మీరెక్కడ తిరుగుతారు, కొత్తపేట నుంచి ఒకాయన అడుగుతున్నాడు, ఇంజను విప్పి పడవకి పెట్టుకుంటాడట, ఇచ్చేద్దాం. అత్తయ్యగారు ఫోను రెండు చేతులా పట్టుకున్నారు. "ఈ సార్వా పంటకి దమ్ము చెయ్యనీ నాయనా. ఆగకుండా చేసిందా, ఉంచుకుందాం. ఆగిందా, నువ్వన్నట్టే ఇచ్చేద్దాం" అన్నారు. కొత్తపేట ఆయన శనివారం వచ్చి మాట తీసుకుంటానన్నాడు.

ఇంటికి నడుస్తూ ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకోవడం చూశాను. దేవుడు కాక, ఆవిడ చేతి పసుపు తీసుకునేది లోకంలో అదొక్కటే. అది పడవలోకి వెళ్లిపోతే ఆ చెయ్యి ఖాళీ అయిపోతుందని నాకు తెలిసింది. నాకు ట్రాక్టరంటే పెద్ద ప్రేమేమీ లేదు గాని, ఆ క్షణం నుంచి అది మా ఇంట్లోంచి కదలకూడదని పట్టుపట్టాను.

బుధవారం మా సొంత చేలో దమ్ము మొదలైంది. ట్రాక్టరు నడిపే ఆయన మావయ్యగారి కాలం నుంచీ ఉన్న మనిషి. నేను బాబాయిగారు అనేదాన్ని. పాతికేళ్లు ఇంజను పక్కన కూర్చోవడంతో సగం చెవుడు వచ్చింది. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని చర్చికి వెళ్లేవారు, అందుకని మా ఇంట్లో ఆదివారం దమ్ము ఉండేది కాదు.

ఇరవై నిమిషాలు బాగానే తిరిగింది. తర్వాత గొంతు తగ్గింది. తాడు మీద బట్టలు జారినట్టు ఇంజను మోత మెల్లగా జారిపోయింది. ఒకసారి పుంజుకోబోయి, మళ్లీ నీరసించి, చేను మధ్యలో ఆగిపోయింది.

బాబాయిగారు బురదలోకి దిగారు. ముందు భుజం మీద తువ్వాలు తీసి, దాంతో డీజిల్ మూత అంచులు పట్టుకుని నెమ్మదిగా తిప్పారు. మూత మీద పసుపు చెదరకుండా ఆయన అలా తీయడం నేనెప్పుడూ చూసేదే. పుల్ల ముంచి చూశారు. సగం ట్యాంకు ఉంది. మూత పెట్టేశారు. ఫిల్టరు మీదున్న స్క్రూ వదులుచేసి, పక్కనున్న చిన్న పంపు మీటని వేలితో కొడుతూ ఉంటే ముందు నురుగు, తర్వాత బుడగలు, ఆఖరికి శుభ్రంగా డీజిలు వచ్చింది. స్క్రూ బిగించారు.

"ఎయిర్ పట్టిందండి చినమ్మగారండి. తీసేసేనండి. ఇంకేం పర్లేదండి" అన్నారు.

నిజంగానే స్టార్టయింది. ఇరవై నిమిషాలు తిరిగి మళ్లీ ఆగింది. మళ్లీ తువ్వాలు, మూత, పుల్ల, నురుగు, బుడగలు. మళ్లీ ఇరవై నిమిషాలు. సాయంత్రానికి ఆ మూత ఎన్నిసార్లు తీశారో లెక్కలేదు. మాది నాలుగు మడులు. రెండు కూడా పూర్తి కాలేదు.

గురువారం అమలాపురం నుంచి మెకానిక్కుని పిలిపించాం. లూనా మీద సంచీ తగిలించుకుని వచ్చాడు. ఇంజనుకి డీజిలు అందటం లేదన్నాడు. అది మాకూ తెలుసు. ఎందుకు అందటం లేదో చెప్పడానికి కదా ఈయన్ని పిలిచింది అనుకున్నాను. ఫిల్టరు పూడుకుపోయిందని తీసి చూపించాడు, నల్లగా ఉంది. కొత్తది వేశాడు. పంపు కింద గిన్నెలో జల్లెడ కడిగాడు. ట్యాంకు నుంచి వచ్చే పైపు విప్పి, నోటితో ఊది, నోట్లోకి డీజిలు వచ్చి ఉమ్మేశాడు. అంతసేపూ పక్కన తువ్వాలుతో మూత తీయడం, పెట్టడం మాత్రం బాబాయిగారిదే.

స్టార్టయింది. కడుపునిండా తిన్నట్టు గర్జించింది. మెకానిక్కు టీ తాగి, ఇంకో పదేళ్లు చూసుకోనక్కర్లేదని చెప్పి వెళ్లిపోయాడు. ఆ లూనా రోడ్డెక్కిన చప్పుడు వినపడుతుండగానే ట్రాక్టరు గొంతు జారడం మొదలైంది. వెనకాలే పరిగెత్తి ఆ సంచీ లాక్కోవాలన్నంత కోపం వచ్చింది నాకు. అత్తయ్యగారు గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చున్నారు. ఆపుతూ, తీస్తూ మా మిగతా మడులు ఎలాగో ముగించాం.

అసలు ముప్పు శుక్రవారానిది. మా పక్క చేను కౌలుకి చేసే రైతు ఒకాయన ఉండేవారు. అత్తయ్యగారిని అక్కగారు అనేవారు. ఆయన చేను మా ట్రాక్టరే దమ్ము చేస్తుందని ముందే మాట ఇచ్చేశారు ఆవిడ. ఆ మాట నమ్మి ఆయన నారు పీకించేసి, కట్టలు కట్టి బోదె కాలవ నీళ్లలో పెట్టించారు. ఊడ్పులకి ఆడవాళ్లని శనివారం పొద్దున్నకి రమ్మన్నారు. ఊళ్లో మిగతా ట్రాక్టర్లు సోమవారం దాకా ఖాళీ లేవు. అన్నాళ్లు పీకిన నారు నిలవదు. ఇంత ఉన్నా ఆయన అన్నది, "పర్లేదండి అక్కగారండి, నెమ్మదిగానే కానివ్వండి" అని మాత్రమే. ఆయన తిట్టి ఉంటే మాకు అంత సిగ్గుగా ఉండేది కాదు.

శుక్రవారం పొద్దున్న అత్తయ్యగారు తలస్నానం చేసి పాకలోకి వెళ్లారు. ఎప్పటి కన్నా రెట్టింపు పసుపు కలిపారు. పెద్ద పెద్ద ముద్దలు. దణ్ణం పెట్టుకుని చాలాసేపు బానెట్టు మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు. నేను గడపలో నిలబడి చూశాను. ఎన్నిసార్లు నాకు కోపం వచ్చినా, ఆవిడంటే నాకెంత ఇష్టమో ఆ పూట తెలిసింది.

ఆ రోజు ట్రాక్టరు పది నిమిషాలకే ఆగింది. తీశారు, తిరిగింది, మళ్లీ పదే నిమిషాలు. ఎండ నెత్తి మీదకొచ్చింది. కౌలు రైతు గట్టు మీద చెట్టుది ఒక బొండాం దింపించి, కత్తితో పైన చిన్న కన్నం కొట్టి నా చేతికిచ్చారు. నలుగురిలో బొండాన్ని నోటికి ఎత్తుకుని తాగడం అత్తయ్యగారికి నచ్చదు. అందుకని స్టీలు గ్లాసులో వంచాను. నీళ్లు గుడుక్కుమని కాసిన్ని పడి ఆగిపోయాయి. ఊపాను. ఇంకో గుడుకు. మళ్లీ ఆగాయి.

"అలా రావండి అమ్మాయిగారండి. ఇలా ఇవ్వండి" అని ఆయన తీసుకుని, కన్నం పక్కనే కత్తిమొనతో ఇంకో గాటు పెట్టారు. "లోపలికి గాలాడాలి కదండి" అన్నారు. ఈసారి వంచితే నీళ్లు ధారగా పడ్డాయి.

ఇంటర్లో ఫిజిక్సు రెండుసార్లు రాసినదాన్ని నేను. రెండుసార్లు రాసినా బుర్రకెక్కని పాఠం ఆ గట్టు మీద ఎక్కింది. మూడు రోజులుగా మేం చేసిన ప్రతి రిపేరూ పనిచేసింది. ప్రతి రిపేరుకీ ముందు బాబాయిగారు మూత తీశారు. పనిచేసింది రిపేరు కాదేమో, మూత తీయడమేమో.

గ్లాసు అత్తయ్యగారి చేతికిచ్చి, చీర మోకాళ్ల దాకా ఎగదోపి బురదలోకి దిగాను. ఆవిడ వద్దంటున్నా వినలేదు. ట్రాక్టరు అప్పుడే ఆగి ఉంది. మూత నేనే పట్టుకుని తిప్పాను. మొండికేసి, కాస్త కదిలి, సుయ్యిమని గాలి లోపలికి పీల్చుకుంది. ఇన్నిసార్లు తీసినా బాబాయిగారి చెవికి ఆ చప్పుడు ఎందుకు అందలేదో చెప్పక్కర్లేదు.

"బాబాయిగారండీ, ఈ మూతకి గాలి వెళ్లే కన్నం ఉండాలా?" గట్టిగానే అడిగాను.

ఆయన గట్టు వైపు చూసి, తల దించుకున్నారు. "ఆయ్, ఉండాలండి."

"ఎక్కడుంది మరి?"

"అమ్మగారి పసుపు కిందుందండి" అన్నారు మెల్లగా.

కోపం రావాల్సింది. ఆయన ముఖం చూస్తే రాలేదు. "అయ్యగారు శనివారం శనివారం ఈనెపుల్ల పెట్టి తీసేసేవారండి. ఆవిడకి చెప్పకురా, కష్టపెట్టుకుంటుంది అన్నారండి నాతో. ఆయన పోయేక నేను తీద్దామంటే, చర్చికెళ్లేవాణ్ణి కదండి, అమ్మగారి పూజ మీద పుల్ల పెట్టి గీకడానికి నాకు చెయ్యి రాలేదండి. అప్పట్లో ఉత్త పసుపు, ఎండితే అదే రాలిపోయేదండి. ఇది నూనె ముద్దని, ఇలా పట్టేసి ఉంటుందని నాకు తోచలేదండి" అన్నారు.

మూడు రోజులుగా ఆ ఇంజను ఊపిరాడక ఆగిపోతున్నది మా అందరి మర్యాద వల్ల. ఆవిడ ప్రేమకొద్దీ పూశారు, ఆయన గౌరవంకొద్దీ ముట్టుకోలేదు, మావయ్యగారు పదేళ్లు మొహం కడుగుతున్నానని అబద్ధమాడారు.

ఆ పూటకి పసుపు గీకలేదు. మూత అరచుట్టు వదులుగా పెట్టి, బురద చిందకుండా పైన బాబాయిగారి తువ్వాలు కట్టాం. ట్రాక్టరు పది నిమిషాలు దాటింది. ఇరవై దాటింది. గంట దాటింది. కౌలు రైతు గట్టు మీద కూర్చున్నవారు లేచి నిలబడ్డారు. పొద్దు వాలేలోపు ఆ చేనంతా అద్దంలా చదునయింది.

మిగిలింది ఆవిడకి చెప్పడం. నా భయమల్లా ఒకటే. తన చెయ్యి మంచిది కాదని రెండేళ్లుగా అంటున్న మనిషికి, మీ చేతి పసుపే బండిని ఆపిందని ఎలా చెప్పడం. బండికి శకునాలుండవని ధైర్యంగా పెట్టుకున్న ఆ ఒక్క బొట్టూ కూడా మానేస్తారు. అప్పుడు ట్రాక్టరు ఉండీ లేనట్టే. "ఫిల్టరని చెప్పేద్దామండి" అన్నారు బాబాయిగారు. నాకూ అదే నయమనిపించింది.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే ఆవిడ అడిగారు. "ఏం లోపమే అది?"

"ఫిల్టరులో చెత్తండి."

"నిన్ననే కొత్తది వేసేరు కదా." ఆవిడ నా ముఖంలోకి చూశారు. "ఆ మూత మీద తువ్వాలెందుకు కట్టేరు?"

అబద్ధం చెప్పడం నాకు ఫిజిక్సు కన్నా తక్కువ వచ్చు. ఉన్నదంతా చెప్పేశాను. ఆవిడ అరుగు మీద కూర్చుండిపోయారు. అరచేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకున్నారు.

"నా చెయ్యేనన్నమాట" అన్నారు.

అప్పుడొచ్చింది నాకు కోపం. రెండేళ్ల కోపం ఒక్కసారే వచ్చింది. "చెయ్యి కాదండి, కొబ్బరినూనె. కన్నం మూసేస్తే ఎవరి చేతి పసుపయినా ఒకటేనండి. ఊళ్లో పేరంటాళ్లందరూ వరసకట్టి వచ్చి పూసినా ఆ ఇంజను అలాగే ఆగిపోతుంది. మీ చెయ్యి అంత చెడ్డదైతే, ఈ రెండేళ్లూ మీరే పూస్తుంటే మొన్నటిదాకా అది ఎలా నడిచిందండి? మావయ్యగారు శనివారం ఈనెపుల్లతో ఆ కన్నం తీసేవారట. మీకు చెప్పొద్దన్నారట. మీరు కష్టపెట్టుకుంటారని."

అంత గట్టిగా ఆవిడతో ఎప్పుడూ మాట్లాడలేదు నేను. తిడతారనుకున్నాను. ఆవిడ పాక వైపు తిరిగారు.

"మొహం కడుగుతున్నానని చెప్పేవారే" అన్నారు. "ప్రతి శనివారం నా పసుపు తుడిచేస్తున్నారని ఆయన మీద అలిగేదాన్ని." చెబుతూనే నవ్వు మొదలైంది. నవ్వు మధ్యలోకి వచ్చేసరికి ఏడుపైంది. నాకూ అంతే. ఇద్దరం ఆ అరుగు మీద కూర్చుని ముక్కులు చీదుకున్నాం.

శనివారం పొద్దున్న ఊడ్పుల పాటలు వినపడుతుండగా కొత్తపేట ఆయన వచ్చాడు. అత్తయ్యగారు కుర్చీ వేయించారు. "ఇవ్వటం లేదండి. ఆగింది బండి లోపం వల్ల కాదని తేలింది. ఏమీ అనుకోకండి, కాఫీ తాగి వెళ్లండి" అన్నారు. ఆయన కాఫీ తాగి వెళ్లాడు. రెండు వేల సంవత్సరం దాటి, దమ్ముకి పెద్ద ట్రాక్టర్లు వచ్చేశాక గాని అది మా పాక విడిచి వెళ్లలేదు.

ఆ తర్వాతి శుక్రవారం శ్రావణంలో మొదటిది. ఆవిడ పాకలోకి వెళ్తూ నన్నూ రమ్మన్నారు. గిన్నెలో పసుపు ఉత్త నీళ్లతో కలిపి ఉంది. చీపురులోంచి ఒక ఈనెపుల్ల తీసి నా చేతికిచ్చి, "కన్నంలో పెట్టి కదలకుండా పట్టుకో" అన్నారు. పట్టుకున్నాను. పుల్ల చుట్టూ వేలితో పసుపు గుండ్రంగా దిద్దారు, నాలుగు కుంకుమ బొట్లు పెట్టారు. "ఇప్పుడు తియ్యి." తీశాను. వంగి ఒక కన్ను మూసి చూసుకుని, కన్నం తెరిచే ఉందని తృప్తి పడ్డారు.

గిన్నెలో ఇంకా పసుపు మిగిలి ఉంది. ఆవిడ దాన్ని వేళ్లతో కలుపుతూ ఒక్క నిమిషం నిలబడ్డారు. తర్వాత ట్రాక్టరు పక్కనున్న పీట జరిపి, "కూర్చుని కాళ్లు చాపు అమ్మాయ్" అన్నారు. ఆ శుక్రవారం ఎదురింటి ఆవిడకి కబురు పెట్టలేదు.